వంతెన ప్రశ్న

చెల్లెలు బ్యాగులో బట్టలు సర్దుతోంది. అక్క మంచం మీద కూర్చుని, సర్దినవి ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తోంది.

"నన్ను విసిగించకు అక్కా. సాయంత్రం బండి వస్తుంది."

"రానీ. ఖాళీగా పోతుంది."

"పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయావు. గిన్నె మాడి, కర్టెన్ అంటుకుంది. నేనేమో కుట్టుషాపులో ఉన్నాను. ఎదురింటాయన తలుపు పగలగొట్టి ఆర్పాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనేమైపోవాలి? నువ్వు వెళ్ళేది మతిమరుపు వాళ్ళను చూసుకోవడానికే ఉన్న చోటు. నర్సులుంటారు. తోట కూడా ఉంది."

"నాకు మతిమరుపు లేదు."

"మొన్న నన్ను పట్టుకుని 'అమ్మా' అన్నావు."

అక్క దిండు కింది ఫోన్ తీసింది. అందులో చరిత్ర పిచ్చివాళ్ళ గుంపు ఒకటుంది. ఒకరు ప్రశ్న వేయడం, మిగతావాళ్ళు జవాబు చెప్పడం, పొద్దస్తమానం అదే పని. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అందరివీ దొంగపేర్లే. ఈమె పేరు చాదస్తం. తనే పెట్టుకుంది.

"నా మతి పోయిందో లేదో ఇందులోనే తేలనీ. ఇవాళ వాళ్ళు అడిగేవాటిలో ఒక్కటి తప్పినా నోరు మూసుకుని బండెక్కుతాను. తప్పకపోతే?"

చెల్లెలు మెడలో వేలాడుతున్న టేపు తీసి చేతికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది. "తప్పకపోతే బ్యాగు అటకెక్కుతుంది. ఒట్టు. కానీ పక్కనే కూర్చుంటాను. దొంగచాటుగా వెతికావో, చూడు మరి."

చెల్లెలు కూడా మంచం మీదికి చేరింది.

ప్రపంచంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ ఏ రంగుదని అడిగాడు బూజుకర్ర.

"నలుపు" అని కొట్టేసింది అక్క. అవునన్నాడతను.

నూరేళ్ళ యుద్ధం ఎన్నేళ్ళు జరిగిందని అడిగాడు పాతనాణెం.

"నూట పదహారు."

చెల్లెలు నెత్తి కొట్టుకుంది. "నూట పదహారేమిటి, పెళ్ళిలో చదివించినట్టు! నూరేళ్ళ యుద్ధం నూరేళ్ళు కాక? అయిపోయింది, లే."

పాతనాణెం చప్పట్ల బొమ్మ పంపాడు. చెల్లెలు నోరు తెరిచింది.

"ఈగలు దూరతాయి, మూయి" అంది అక్క.

"పెళ్ళీ పెటాకులూ లేకపోయినా, ఊరందరి యుద్ధాలూ కావాలి నీకు" అంటూ చెల్లెలు నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ పైన వచ్చినవి కూడా అక్క తడుముకోకుండా చెప్పేసింది. చెల్లెలి చెయ్యి తనకు తెలియకుండానే బ్యాగులోంచి దువ్వెన తీసి అద్దం దగ్గర పెట్టింది. తర్వాత చెప్పులు తీసి మంచం కిందికి తోసింది.

"నాకు మాత్రం నిన్ను పంపాలని ఉందా? నువ్వు పోతే పొద్దున్నే లేచి ఎవరితో పోట్లాడను?"

ఫోన్ మళ్ళీ మోగింది. ఈ ఊరివాడే ఒకడు, గడియారస్తంభం అని పేరు పెట్టుకున్నవాడు, ప్రశ్న వేశాడు. ఇవాళ్టికి ఇదే ఆఖరిదన్నాడు.

"మన ఏటి మీది పాత ఇనుప వంతెన కూలినప్పుడు ఎంతమంది చనిపోయారు?"

చెల్లెలు ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇది నాక్కూడా తెలుసు! బతికిపోయావు పో!" అంటూ బ్యాగును మంచం మీద బోర్లించింది. బట్టలన్నీ కుప్పగా పడ్డాయి.

అక్క వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"కొట్టు అక్కా."

"చిన్నదానా, ఎవరు లెక్కపెట్టారే?"

"ఏమిటి?"

"ఎవరూ పోలేదని. లెక్కపెట్టిందెవరు?"

"ప్రభుత్వం. ఇంకెవరు? కూలీలంతా భోజనాలకు దిగారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు అని బళ్ళో మాతో వల్లె వేయించారు. ఏటి ఒడ్డున రాయి మీద చెక్కించారు కూడా. పొడిగించకుండా సున్నా కొట్టు."

అక్క సున్నా కొట్టింది. పంపలేదు. అది నోరు తెరుచుకుని తనవైపే చూస్తున్నట్టుంది. పంపితే చాలు. ఈ మంచం, ఈ కిటికీ, పొద్దున్నే పోట్లాడే ఈ చెల్లెలు, అన్నీ దక్కుతాయి.

సున్నా చెరిపేసింది. "ఒకరు" అని రాసి పంపింది.

"అయ్యో చాదస్తం గారూ!" అన్నాడు గడియారస్తంభం. "సున్నా కదండీ! ఇంత తేలికది తప్పారేంటి? ఒంట్లో బాగుందా?"

చెల్లెలు కుప్పలోంచి ఒక్కో బట్టా తీసి మడతపెట్టి, మళ్ళీ బ్యాగులో పెట్టింది. వంగి, మంచం కింది చెప్పులు తీసింది. అద్దం దగ్గరి దువ్వెన తెచ్చింది. జిప్పు లాగింది.

"నోటికి అందించాను కదా అక్కా. నేను చెప్పింది కూడా నిమిషంలో మరిచిపోయావా?"

"నాకు తెలిసిందే పెట్టాను."

"అలాగేలే" అంది చెల్లెలు, చిన్నపిల్లతో అన్నట్టు. కొంగుతో ముందు అక్క మొహం తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

వీధిలో బండి హారన్ మోగింది. అక్క ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా లేచి చెప్పులు వేసుకుంది.

వంతెనకు రంగు వేసే పనికి ఎక్కడినుంచో వచ్చి, పని దిగాక మన పెళ్ళి సంగతి మీ నాన్నను అడుగుతానని అక్క ఒక్కదానికే చెప్పి, ఆమె ఒడ్డున నిలబడి చూస్తుండగా నిచ్చెన ఎక్కిన మనిషి, పందొమ్మిది వందల అరవై ఎనిమిది జూలైలో, వంతెన కూలిన ఆ మంగళవారం మధ్యాహ్నం నుంచి, తిరిగి రాలేదు.