తెల్లరాళ్ళు చూసే యంత్రం

మిలిసావ్ మీద రాదోయ్‌కోకి ఉన్న కోపాలన్నీ ఒక ఎత్తు, ఆ పొద్దున చూసింది ఒక్కటీ ఒక ఎత్తు. ఎర్ర తాబేలులాంటి యంత్రం ఒకటి, పక్కన మనిషన్నవాడు లేకుండా, తన ప్లమ్ తోటలో గడ్డి కోసుకుంటూ తిరుగుతోంది.

"ఒరేయ్ మిలిసావ్! నీ తాబేలు నా నేల తొక్కిందిరా. బయటికి లాక్కుంటావా, గొడ్డలి తెమ్మంటావా?"

పక్కింటి మిలిసావ్ అరుగు మీంచి కదల్లేదు. చేతిలో కాఫీ, మొహాన నవ్వు.

"అరవకు, బీపీ వస్తుంది. మా కోడలు బెల్‌గ్రేడ్ నుంచి తెచ్చింది. దానికి కన్నుందిరా. తెల్లరాయి కనబడితే వెనక్కి తిరుగుతుంది. నీ హద్దురాళ్ళు నీ పళ్ళలాగే పాచిపట్టి ఉంటే పాపం అదేం చేస్తుంది? సున్నం కొట్టు."

"మా తాత పాతిన రాళ్ళు అవి!"

"అయితే తాతనడిగి కొట్టు."

రాదోయ్‌కో ఉమ్మేసి వెళ్ళి సున్నం కలుపుకొచ్చాడు. గట్టు పొడవునా ఉన్న ఆరు రాళ్ళకీ దట్టంగా పట్టించాడు. మర్నాడు తాబేలు రాళ్ళదాకా వచ్చింది, ఆగింది, బుద్ధిగా వెనక్కి తిరిగింది.

గెలిచానని మీసం తుడుచుకుంటూ ఇంటికి పోబోయినవాడు, ఒకసారి తోటకేసి చూశాడు. నిన్న అది తిరిగిన చోట గడ్డి మంగలి కత్తిరించినట్టుంది. మిగతా తోటంతా మోకాలు దాటిపోయింది. పళ్ళు రాలే రోజులు దగ్గరపడ్డాయి. గడ్డి కొయ్యకపోతే రాలినవి ఏరలేరు, ఏరకపోతే ఈ ఏడు ప్లమ్ సారా లేదు. కొడవలి పడదామంటే నడుం పట్టేస్తోంది.

"ఏమయ్యా, గడ్డి ఎప్పుడు కోస్తావ్?" వంటింట్లోంచి భార్య స్తామెనా కేకేసింది. "ఆ తాబేలుకున్న బుద్ధి కూడా లేదు నీకు!"

అప్పుడు తట్టింది ఆ ఆలోచన.

శుక్రవారం సంత. మిలిసావ్ జున్ను అమ్ముకోడానికి పట్నం పోయాడు. రాదోయ్‌కో గునపం పట్టుకొచ్చి, ఆరు రాళ్ళూ పెకలించి, ఒక అంగ తన తోటలోకి జరిపి పాతాడు. నడుం విరిగిపోతున్నా నవ్వాగలేదు. శనివారం తాబేలు వచ్చి, రాళ్ళున్న కొత్త చోటుదాకా శుభ్రంగా కోసి, వెనక్కి తిరిగింది.

"కన్నుంది గానీ బుర్ర లేదు" అనుకున్నాడు.

ఇంక ప్రతి శుక్రవారం ఒక అంగ. ఎవరికీ చెప్పలేదు, భార్యక్కూడా. రాళ్ళు మోసిన నొప్పికి మూలుగుతూ పడుకుంటే, ఆవిడ అది పాత నడుంనొప్పే అనుకుంది. అయిదు సంతలు తిరిగేసరికి గట్టువైపు వరుసలో పదమూడు చెట్ల కిందా తివాచీ పరిచినట్టయింది. కరెంటు మిలిసావ్‌ది, యంత్రం మిలిసావ్‌ది. పళ్ళు ఏరుకున్నాక రాళ్ళు వెనక్కి నెట్టుకోవచ్చు, తొందరేముంది? సైన్సంటే ఇన్నాళ్ళూ తిట్టిన నోటితోనే, బలే కనిపెట్టార్రా అన్నాడు.

ఆరో వారం, సంతకి ఒక్కరోజు ముందు, మిలిసావ్ సర్వేయరుని పిలిపించాడు. పడుచుపిల్ల. చేతిలో ఒక పొడుగు కర్ర, దాని నెత్తిన పుట్టగొడుగులాంటి పరికరం.

"ఉపగ్రహంతో కొలుస్తాం బాబాయ్" అంది. "పాత పటాలు గొలుసులు లాగి గీసినవి. పదిహేనడుగులు అటూ ఇటూ ఉంటాయి. పాతిన రాళ్ళే లెక్క."

కర్ర ఒక్కో రాయికీ ఆనించింది. ఆనించినప్పుడల్లా అది కూతపెట్టింది.

"నాకే అభ్యంతరమూ లేదమ్మా" అన్నాడు మిలిసావ్. "రాళ్ళు ఆయనవే. సున్నం కూడా ఆయనే కొట్టుకున్నాడు."

"ఆగమ్మా!" రాదోయ్‌కో అడ్డం పడ్డాడు. "అవి ఉండాల్సిన చోట లేవు. జరిపేశారు."

"ఎవరు?"

"నేనే."

"ఎటు?"

"ఇటు. నా తోటలోకి."

పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "బాబాయ్, పక్కవాడి నేలలోకి హద్దురాయి తోసినవాళ్ళని ఈ కొండల్లో వందమందిని చూశాను. ఒకాయన మంచాన పడ్డాక కొడుకు చేత తోయించాడు. తన నేలలోకి తోసుకున్నవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూళ్ళేదు. అదీ కాయలున్న చెట్లు వదులుకుని!"

రాదోయ్‌కో గట్టు దగ్గరికొచ్చి నిలబడ్డ భార్యకేసి తిరిగాడు. "స్తామెనా, నువ్వయినా చెప్పవే!"

"ఏం చెప్పను? నడుంనొప్పని నెలరోజులుగా మూలుగుతున్నావు. రాళ్ళెలా మోశావ్?"

"ఒప్పుకోకపోతే కోర్టుకెళ్ళచ్చు" అంది పిల్ల. "ఈ మాటే జడ్జిగారికి చెప్పండి."

జడ్జి నవ్వడం రాదోయ్‌కో కళ్ళకి కట్టింది. ఆ తర్వాత సారా కొట్టు కొట్టంతా నవ్వడం కూడా. రాళ్ళున్నచోటే హద్దని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

పిల్ల వెళ్ళిపోయాక మిలిసావ్ రెండు గ్లాసుల్లో సారా పోసుకొచ్చాడు.

"తాగరా, మొహం అలా పెట్టకు. ఒక మాట చెప్పనా? ఆ తాబేలుకి కన్నూ లేదు, ముక్కూ లేదు." జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద రెండు తోటలూ, మధ్యలో పచ్చ గీతా. "ఇందులో వేలితో గీత గీస్తే అందాకా వెళ్తుంది, అంతే. ప్రతి శుక్రవారం సంత నుంచి రాగానే నీ రాళ్ళెక్కడిదాకా వచ్చాయో చూసుకుని, గీత జరిపింది నేను."

రాదోయ్‌కో గ్లాసు కింద పెట్టి, చేతిలో కాగితం మళ్ళీ చదువుకున్నాడు: మూడు వందల పన్నెండు చదరపు మీటర్లు, పదమూడు ప్లమ్ చెట్లతో సహా.