ముందు నాకు పెట్టండి

"తలకు కరెంటు పెడతారా! నేనేమన్నా పిచ్చోన్నా? పద పీరాంబీ, ఇంటికి పోదాం!"

పంతొమ్మిది వందల ఎనభై మూడు, ఎండాకాలం. ఆదోనిలోని ఒక ఆస్పత్రి గదిలో, కుర్చీ ఎక్కనని ఖాసిం సాబ్ మొరాయించాడు. ఎమ్మిగనూరులో గాజులు తొడిగి బతికే మనిషి. పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచేతికి వణుకు మిగిల్చింది. మొన్న ఒకామెకు తొడుగుతుంటే గాజు చిట్లి ఆమె మణికట్టు కోసుకుపోయింది. అప్పటి నుంచి ఆడవాళ్లు అతని ముందు చెయ్యి చాచడం మానేశారు.

"కోత లేదు, సూది లేదు," అన్నాడు డాక్టరు. "తడి బట్ట నుదుటికి కట్టి, ఈ బ్యాటరీ పెట్టె నుంచి సన్నగా కరెంటు పంపిస్తాం. కొత్త వైద్యం. వణుకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ప్రాణభయం మాత్రం లేదు."

"సచ్చినోనికి ఇంక బయమేముంటాది సార్!" అన్నాడు ఖాసిం సాబ్.

భార్య పీరాంబీ విసురుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ముందు నాకు పెట్టండి."

"నీకు జబ్బు లేదు కదమ్మా?"

"జబ్బు లేకుంటే ఏమి? తలకాయ ఉంది కదా! పెట్టండి."

"దిగు! సస్తావు!" అరిచాడు ఖాసిం సాబ్.

"సస్తే సస్తా. గాజులేసుకున్న నేను కూసుంటి, గాజులు తొడిగే నీకా బయం? నీ చెయ్యి వణికితే వణకనీ. గుండె వణికితే మాత్రం నేనొప్పుకోను!"

డాక్టరు ఆమె నుదుటికి పట్టీ కట్టాడు. పీరాంబీ కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, లోలోపల అల్లాను తలుచుకుంటూ కలిమా చదువుకుంది. కాసేపటికి పట్టీ విప్పేసరికి మెడంతా చెమట.

"చీమ పాకినట్లుంది, అంతే!" అని నవ్వి, నీళ్లు తాగడానికి బయటికి పోయింది.

ఖాసిం సాబ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు పట్టీ చేతిలోకి తీసుకుని ఆగాడు.

"నిన్ను మోసం చేసి కూర్చోబెట్టలేను సాయిబూ. జబ్బు లేని మనిషికి కరెంటు ఎందుకని, ఆమెకు నేను మీట నొక్కనే లేదు. ఇప్పుడు చెప్పు, కట్టమంటావా?"

ఖాసిం సాబ్ వణుకుతున్న చేత్తోనే ఆ పట్టీ లాక్కుని నుదుటికి ఆనించుకున్నాడు.

"నొక్కలేదని నేను సూసినా సార్. కండ్లు మూసుకున్న పీరాంబీ సూడలేదు కదా, కరెంటొస్తాదనే అనుకునింది, అయినా కూసున్యాది. కట్టండి!"