రెండు కార్బ్యురేటర్ల మధ్య

"ఇవాళ కార్బ్యురేటర్ బిగిస్తారా, బండిని చిన్నల్లుడి దగ్గరికి పంపించెయ్యమంటారా?" అని అత్తగారు అడిగేసరికి పళ్ళ డాక్టరు కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

అడిగినావిడ ముఖంలో కోపమేమీ లేదు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నంత స్థిమితంగా కూర్చుంది. వచ్చేవారం ఆవిడ మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత బండెక్కే మాటే మర్చిపొమ్మని సర్జన్ ముందే చెప్పేశాడు. ఈలోగా, పోయిన భర్త పాత మోటార్ సైకిల్ మీద ఊరి చివర వంతెన దాకా ఒక్కసారి వెళ్ళి రావాలని ఆవిడ కోరిక. ఆ బండేమో పెద్దల్లుడైన ఈ డాక్టరు షెడ్డులో దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోతోంది.

బండికి వచ్చిన రోగం చిన్నదే. ఇంజనుకి పెట్రోలు అందించే పాత కార్బ్యురేటర్ అరిగిపోయి కారుతోంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి బయటివాళ్ళు చేసినవే గతి. డాక్టరు అలాంటివి రెండు తెప్పించాడు. ఒకటి పాతదానికి అచ్చుగుద్దినట్టు ఉంటుంది, కాకపోతే ఇంజను వేడెక్కితే మొరాయిస్తుందని పేరు. రెండోది కొత్తరకం. చెప్పిన మాట వింటుంది గానీ, ఆ పాత బండికి పెడితే ముసలాయనకి జీన్స్ ప్యాంటు తొడిగినట్టుంటుంది.

ఏది పెట్టాలి? డాక్టరు క్లినిక్‌లో పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చి, పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రాల్లోకి తొంగి చూశాడు. పేషెంట్ల అభిప్రాయం అడిగాడు. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాళ్ళు ఆయన చెప్పిందాన్ని ఎవరూ కాదనలేదు. దాంతో తనకి ఈ విషయంలో ఎదురులేదని ఆయనకో నమ్మకం కుదిరింది. భార్య ఒకసారి, "మా నాన్న అసలు ఈ బండిని..." అని మొదలుపెట్టింది. మామగారు దీన్ని ఎంత ప్రేమగా చూసుకునేవారో తనకి తెలుసంటూ ఆయన అందుకుని, కార్బ్యురేటర్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం పూర్తయ్యేసరికి ఆమె సోఫాలో నిద్రపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు అత్తగారికి కూడా అదే వైద్యం చేయబోయాడు. గాలిలో తేమ ఎక్కువగా ఉందన్నాడు. మూడోరకం ఒకటి దారిలో ఉందన్నాడు. తొందరపడితే ఇంజనుకే మోసం వస్తుందన్నాడు. ఆవిడ అంతా విని, లేచి, కుంటుకుంటూ షెడ్డులో బల్ల దగ్గరికి వెళ్ళింది. రెండింటినీ చేతిలోకి తీసుకుని చూసి, కొత్తరకందాన్ని, పొద్దుటినుంచీ అక్కడే కాచుకుని ఉన్న మెకానిక్ చేతిలో పెట్టింది.

"అచ్చుగుద్దినట్టుందో లేదో ఎవరు చూడొచ్చారు బాబూ? దారిలో ఆగకపోతే చాలు."

మెకానిక్ స్పానర్ అందుకున్నాడు. పన్ను ఉంచాలో పీకాలో ఒక్క చూపులో తేల్చేసే మనిషి, గుప్పెడంత లోహపు ముక్క దగ్గర ఇన్నాళ్ళూ ఎటూ తేల్చుకోలేకపోయాడు. డాక్టరుకి తనమీద తనకే నవ్వొచ్చింది. అసలు చిక్కు కార్బ్యురేటర్‌తో కాదని ఆయనకొక్కడికే తెలుసు. తెలిసినా, అద్దంలో తన ముఖం చూసుకుంటూ కూడా ఆ మాట పైకి అనుకోలేదు.

బండి స్టార్ట్ కాకూడదని ఆయన మొక్కని దేవుడు లేడు. అది మొదటి కిక్కుకే స్టార్టయింది. ఆ చప్పుడుకి ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. పక్కింటాయన చేతిలో పేపరు పట్టుకునే గేటు దాకా వచ్చి, ఇన్నాళ్ళకి డాక్టరుగారు సాధించారండీ అని మెచ్చుకున్నాడు. భార్య ఫోటో తీయడానికి ఫోను పట్టుకుని నిలబడింది.

మెకానిక్‌నే వంతెన దాకా తీసుకెళ్ళమంటే బాగుంటుందేమో, కొత్త కార్బ్యురేటర్ కదా, అని డాక్టరు గొణిగాడు. కార్బ్యురేటర్ కోసం ఇంత కష్టపడ్డది మీరైతే మెకానిక్ ఎందుకొస్తాడు, మీరే ఎక్కండి అంది అత్తగారు.

ఎక్కాడు. నెత్తిన కొత్త హెల్మెట్, దాని కింద కారుతున్న చెమట. కింద ఇంజను దడదడమంటోంది. ఏ చేత్తో ఏది నొక్కాలో, ఏ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక హ్యాండిల్‌ని ఊరికే బిగించి పట్టుకున్నాడు. వీధి వీధంతా చూస్తోంది. బయల్దేరితే ఎదురింటి గోడ, బయల్దేరకపోతే పరువు. గోడకి గుద్దుకోవడంకంటే పరువు పోవడమే నయమనిపించింది. పక్కకి వచ్చి నిలబడ్డ అత్తగారి వైపు వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పేశాడు.

"అత్తయ్యగారూ, నాకు కారు తప్ప ఏదీ నడపడం రాదండి. సైకిలు కూడా రాదు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుంది.

"మీ మామగారికీ రాదు. వెనక్కి జరిగి ఆయన కూర్చునే చోట కూర్చోండి."