వీపు దొరకని కొంగ

పశువుల ఒంటిమీద పిడుదులు ఏరి తినే విద్య నేర్పే బడిలో మడుగు కొంగలన్నిట్లోకీ మొదట నిలిచింది ఓ కుర్ర కొంగ. అయినా ఏ గేదె కూడా దాన్ని వీపెక్కనివ్వలేదు.

“ఇదివరకు ఎవరి వీపు మీద చేశావు?” అని అడిగేవి.

“ఇంకా ఎవరూ ఎక్కనివ్వలేదండి.”

“అయితే ఎక్కడైనా చేసి రా నాయనా.”

పొద్దు వాలినా కొంగ గట్టు మీదే తచ్చాడేది. గూటికి చేరగానే పక్క కొమ్మ మీది పిన్ని అందరికీ వినపడేలా, “ఏరా, ఏమైనా దొరికిందా?” అని అడుగుతుంది. అమ్మేమో రెక్కలో తల దాచుకుంటుంది.

ఆ సాయంత్రం మడుగు గట్టున మొసలి నోరు తెరుచుకుని కనపడింది.

“పళ్ళ సందులు శుభ్రం చేసేవాళ్ళు కావాలి. అనుభవం అక్కర్లేదు,” అంది మెత్తగా.

కొంగ తొంగి చూసింది. కోరపళ్ళ మధ్య ఓ తెల్లటి ఈక ఇరుక్కుని ఉంది, అచ్చం తన ఈకలాంటిదే. కొంగ ఓ అడుగు వెనక్కి వేసింది.

“ఇంతకుముందు చేసినవాళ్ళు ఏమయ్యారండీ?”

“ఒక్కరు కూడా మానేసి పోలేదు.”

కొంగ ఎగిరిపోదామని రెక్క విప్పింది. సరిగ్గా అప్పుడే, గూళ్ళకు మళ్ళుతున్న గుంపులోంచి పిన్ని గొంతు వినపడింది.

“ఏరా, దొరికిందా?”

“దొరికింది పిన్నీ,” అంటూ కొంగ మొసలి దవడ మీద కాలు పెట్టింది.