తుప్పుమేకు ఉత్తరాలు

“చదువు,” అంది అక్క.

“ఇది నేను చదవను. నోటితో అనే మాటలు కావివి,” అన్నాడు తమ్ముడు.

“రాసినవాడికి లేని సిగ్గు నీకెందుకురా? చదువు.”

అక్క రెండు మణికట్లకీ పట్టీలున్నాయి. మౌసు పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అందుకే నెల రోజులుగా పత్రికాఫీసుకి బయల్దేరే ముందు తమ్ముడు ఆమె పక్కన కుర్చీ లాక్కుని, వచ్చిన ఉత్తరాలు చదివిపెడుతున్నాడు. జవాబులు మాత్రం ఆమే కొట్టేది. వద్దంటే వినేది కాదు.

“‘ముసలిదానా, నీ చెత్త ప్రోగ్రామ్ నమ్ముకుని నా పని మట్టికొట్టుకుపోయింది. చేతకాకపోతే దిగిపో. చూరు పట్టుకు వేలాడతావెందుకు?’” గబగబా చదివేసి నోరు తుడుచుకున్నాడు.

“ఎవడు వీడు?”

“తుప్పుమేకు.”

“మళ్ళీ వాడేనా! నిన్న నల్లతేలు, మొన్న నిక్కచ్చి. ముగ్గురూ వంతులేసుకున్నారు కాబోలు. ఒక్క ఆదివారం మాత్రం నన్ను వదిలేస్తారు, పుణ్యాత్ములు.” అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఇంతకీ ఆమె చేసిన పాపం ఏమిటంటే, పన్నెండేళ్ళ కిందట గ్రంథాలయంలో పాత పుస్తకాలు స్కాన్ చేస్తూ, వంకరగా వచ్చిన పేజీలని తిన్నగా చేసే ఓ చిన్న ప్రోగ్రామ్ రాసింది. రాసి ఊరుకోక అందరికీ వదిలేసింది. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. వాడుకున్నవాళ్ళు వేలమంది. బాగుచేయడానికి ముందుకొచ్చింది ఒక్కతే, ఎక్కడో దూరాన ఉన్న స్కూలు టీచరు. మిగతావాళ్ళకి నోళ్ళున్నాయి.

డాక్టరు ఖచ్చితంగానే చెప్పాడు. “నరం నలిగిపోతోందమ్మా. కీబోర్డు మానెయ్యండి. మానకపోతే రేపు మీ జడ మీరు వేసుకోలేరు.” అక్క బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి పట్టీలతోనే కూర్చుని రెండు గంటలు టకటకలాడించింది.

తమ్ముడు బతిమాలాడు. అరిచాడు. కీబోర్డు అటక మీద దాచేస్తే ఇంకోటి కొనుక్కొచ్చుకుంది. “ఆ టీచరుకి అప్పగించెయ్యవే, ఆవిడ సిద్ధంగా ఉందిగా,” అంటే, “నన్ను నమ్ముకుని ఇంతమంది ఉంటే మధ్యలో ఎలా వదిలేస్తానురా?” అనేది. పోయిన వారం ఆమె చేతిలోంచి కాఫీ కప్పు దానంతటదే జారిపోయింది. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచిన చేతులవి. ముక్కలు ఏరుతుంటే అతనికి ఏడుపొచ్చింది.

“చుబుకం మీద ఆ గాటేంట్రా?” అంది అక్క ఇప్పుడు.

“గడ్డం గీసుకుంటుంటే తెగింది. అద్దం చూసుకోలేదు.”

“భేషుగ్గా ఉంది. ఇంకా ఏమైనా ఉన్నాయా?”

“ఇంకొకటుంది. వద్దులే అక్కా.”

“చదవమన్నానా.”

చదువుతుంటే అతనికి అక్షరాల మీద ఈగలు ముసిరినట్టనిపించింది. మనిషి పుట్టుక పుట్టినవాడు ఇలాంటిది రాయగలడా? రాసి, చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళి పెట్టింది తినగలడా? ఛీ!

“‘బాగుచేయమని అడిగి పది రోజులైంది. వేళ్ళు పడిపోయాయా నీకు? పడిపోతే సంతోషం. లోకానికి ఓ పీడ విరగడ.’”

గది చల్లబడిపోయింది. అక్క తన వేళ్ళ వంక చూసుకుంది. కుడిచేతి బొటనవేలు కదిపింది. అది కొంచెం ఆలస్యంగా కదిలింది.

“వీళ్ళకా నేను చేసింది?” అంది. “పన్నెండేళ్ళు, వీళ్ళకా?”

అతను ఆ ఉత్తరం మూసేశాడు.

“నువ్వు పోయిన వారం పత్రికలో చిట్కా రాశావుగా. ఫిర్యాదు ఎలా రాయాలో. ముందు థాంక్స్ చెప్పండి, తర్వాత ఏం జరిగిందో చెప్పండి, మర్యాదగా నాలుగు ముక్కల్లో ముగించండి అని. ఒక్క వెధవైనా చదివాడట్రా?”

“చదివే ఉంటాడు,” అన్నాడు తల దించుకుని.

“టీచరుకి రాయి. తాళాలన్నీ ఆవిడకే. ఇవాళ్టితో నాకూ దానికీ చెల్లు.”

అతను టైపు చేశాడు. ఆఖరి మీట మాత్రం ఆమే నొక్కింది, చూపుడువేలుతో, పట్టీ లాగుతుంటే పళ్ళు బిగించి. తర్వాత కీబోర్డు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

“రేపు నీ ఓపెన్ సోర్స్ వార్తల్లో ఇదీ వేసెయ్. ఆ ముగ్గురి పేర్లూ వెయ్యి. వాళ్ళ అక్కచెల్లెళ్ళు చదివి మొహాన ఉమ్మాలి.”

“పేపర్లో పేరు పడితే ఇంకా మురిసిపోతారక్కా అలాంటివాళ్ళు.”

“అదీ నిజమేలే. ఇక పనికి పో, ఆలస్యమవుతోంది. ఇవాళ నేను పడుకుంటాను.”

ఆ మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

ఆఫీసులో వార్త రెండు వాక్యాల్లో రాసేశాడు. ఫలానా ప్రోగ్రామ్ చేతులు మారింది, వాడుకునేవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు. భోజనం వేళ అయింది. టిఫిన్ డబ్బా మూత తీశాడు. ముద్ద ఎత్తబోయి ఆగి, చేతులు రెండోసారి కడుక్కొచ్చాడు. అయినా తినబుద్ధి కాలేదు.

డబ్బా పక్కకి నెట్టి, అక్కకి ఆ ఉత్తరాలు వచ్చే సైటు తెరిచి, పాస్‌వర్డులు ఒక్కొక్కటే కొడుతూ తన మూడు ఖాతాలనీ చెరిపేశాడు, ముందు నిక్కచ్చి, తర్వాత నల్లతేలు, అన్నిటికంటే ఆఖర్న తుప్పుమేకు.