పన్నెండో నంబరు చెట్టు కొలత

చుట్టుకొలత తొంభై అంగుళాలు దాటిన చెట్టునే నరకాలన్నది ఆ అడవిలో నియమం. ఏటా చెట్లను కొలిచి, తెగుళ్లు చూసి రాసే పని ఊరి దర్జీ ఉచితంగా చేస్తాడు. పని అయ్యాక పన్నెండో నంబరు చెట్టు కింద కునుకు తీస్తాడు. ఈసారి దాని కొలత తొంభై ఒకటి అని తనే రాశాడు.

అడవి అధికారిణి ఆయన మేనకోడలే. నరకాల్సిన చెట్టుకు గుర్తు పెట్టడానికి ఎర్రరంగులో కుంచె ముంచింది.

“ఆగమ్మా. అందులో రెండంగుళాలు లూజు పెట్టాను.”

“చెట్టుకు లూజేంటి మామయ్యా?”

“పెరిగే ప్రాయం కదా. చేతి అలవాటు. అసలు కొలత ఎనభై తొమ్మిదే.”

“నా పెళ్లి జాకెట్టు నువ్వే కుట్టావు. భోజనానికి కూర్చుంటే మూడు హుక్కులు ఎగిరిపోయాయి. ఊళ్లో ఎవరికైనా ఒక్క అంగుళం లూజిచ్చిన పాపాన పోయావా?”

ఆమె ఆయన మెడలోని టేపు లాక్కుని తనే కొలిచింది. తొంభై ఒకటి.

కాసేపు చెట్టునూ, మామయ్యనూ మార్చి మార్చి చూసింది.

“కాస్త ఊపిరి బిగబట్టమని చెప్పు దానికి,” అంటూ పుస్తకంలో ఎనభై తొమ్మిది వేసింది.