గోడ మీద అంకె

“నాలుగు పాయింట్ ఎనిమిది. ఫెయిల్. ఇంటికెళ్ళి కాఫీ పళ్ళు కోసుకో.”

ఆ మాట అంటూనే లక్ష్మీప్రసాద్ వెన్నెల పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. పొద్దున్నుంచి అది ఆరో గీత. నగరంలోని ఫుట్‌బాల్ అకాడమీకి అమ్మాయిలను ఏరడానికి పెదబయలు దాటి ఈ కొండ మీది బడికి వచ్చాడాయన. ముప్పై మీటర్లు నాలుగు పాయింట్ ఆరు సెకన్లలోపు పరిగెత్తితేనే బంతి ముట్టుకోనిస్తాడు. వెన్నెలకు పదహారేళ్ళు. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

“మళ్ళీ టైం తియ్యండి సార్,” అంది వెన్నెల రొప్పుతూ. “తారురోడ్డు మీద నాలుగున్నర వచ్చింది నాకు.”

“అయితే వెళ్ళి రోడ్డునే సీటు అడుగు.”

పరుగు ముగిసే గీత దగ్గరున్న కుర్చీలో ఆయన విసుగ్గా కదిలాడు. “భీమన్నా, కుర్చీ సరిగ్గానే వేశావా? ఎండ కంట్లో పడితే నాకు వాచీ కనపడదు.”

“ఎరుకే బాబూ,” అన్నాడు వ్యాయామం మాస్టారు భీమన్న. “పొద్దుటి పూట గదా, తూరుపు సివర ఏసినాను. ఎండ మీ ఈపు మీదే ఉంటాది.”

లక్ష్మీప్రసాద్ పెన్నుతో బడి గోడ చూపించాడు. అక్కడ నీలం రంగుతో రాసి ఉంది: సోములమ్మ, 1998, 30 మీటర్లు, 4.4 సెకన్లు.

“చదివావా? ఉత్త కాళ్ళతో పరిగెత్తింది. ఈ చేత్తో, ఈ స్టాప్‌వాచీతోనే టైం తీశాను. మీకు బూట్లు, గుడ్లు, యూట్యూబ్‌లో కోచింగ్. ఆ అంకెను బట్టే మీకు నాలుగు పాయింట్ ఆరు పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఒక్కరూ ఆ అంకె దరిదాపులకు రాలేదు. ఆ తరం వేరు. మీది తిండి దండగ.”

ఆ సోములమ్మ వంటషెడ్డు గుమ్మంలో నిలబడి వింటోంది. మోకాలు దెబ్బతిని రెండేళ్ళకే అకాడమీ నుంచి తిరిగొచ్చిన మనిషి. ఇప్పుడు అదే బడిలో వంట చేస్తోంది.

“ఈ గుంటలకి కాళ్ళెక్కడ పనిసేత్తాయి,” అంది. “పనిసేసేవి సేతేళ్ళే, ఫోను మీద.”

వెన్నెల గిర్రున తిరిగింది. “నీ అంకె వల్లే అందరం పోతన్నాం అత్తా. నువ్వు మాట్లాడకు.” భీమన్న వైపు చూసింది. “గీత ఎవరో జరిపారు మాస్టారూ. కొలవండి.”

“నన్నంటన్నావేటి?” భీమన్న గొంతు గరుకెక్కింది. టేపు తెచ్చి నేల మీద పరిచాడు. సరిగ్గా ముప్పై మీటర్లు. స్టాప్‌వాచీని ఫోను పక్కన పెట్టి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు.

“అయిందా?” అన్నాడు లక్ష్మీప్రసాద్. “తప్పు టేపుదీ కాదు, వాచీదీ కాదు. నీ కాళ్ళది.”

“కనీసం బంతి ఆట చూడండి.” వెన్నెల బంతి తెచ్చి ఆయన కాళ్ళ ముందు, గీత మీద పెట్టింది.

“తియ్యి దాన్ని.”

తియ్యక్కర్లేకపోయింది. బంతి తనంతట తానే కదిలింది. మెల్లగా, తర్వాత కాస్త జోరుగా, పరుగు మొదలయ్యే గీత వైపు దొర్లిపోయింది.

“గాలి,” అన్నాడు లక్ష్మీప్రసాద్.

సిల్వర్ ఓక్ చెట్ల మీద ఒక్క ఆకు కదలడం లేదు. వెన్నెల బంతి తెచ్చి మళ్ళీ పెట్టింది. మళ్ళీ దొర్లింది.

“మేం పరిగెత్తడం లేదు సార్. ఎక్కుతున్నాం.”

భీమన్న తల గోక్కున్నాడు. “కొండోళ్ళం బాబూ. ఈమాత్రం వాలు మా కంటికి ఆనదు.”

వెన్నెల ఎవరి అనుమతీ అడగలేదు. కుర్చీ పక్కనున్న గీత మీద వంగి నిలబడింది. “అటు వెళ్ళండి సార్. ఇక్కడి నుంచి పరిగెడతాను.”

లక్ష్మీప్రసాద్ పళ్ళు కొరుకుతూ అటు చివరికి నడిచాడు. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో వాచీ నొక్కాడు.

నాలుగు పాయింట్ మూడు.

రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత ఆయన మొహం కందిపోయింది.

“అంటే ఆ రికార్డు దిగుడు పరుగా? ఆ అంకె చూసి ఎంతమందిని ఇంటికి పంపాను నేను? భీమన్నా, తొంభై ఎనిమిదిలో గీతలు గీసింది నువ్వే.”

“రెండు సివర్లా రెండు గీతలు గీసినాను. ఎటుకాడి నుంచి ఎటన్నది నాను సెప్పలేదు.”

“ఆయన్నొదిలీండి బాబూ.” సోములమ్మ గుమ్మం దిగి వచ్చింది. “దిగువకే పరిగెట్టాను. నాకు తెలుసు. గోడ మీద పేరుంటాది గదాని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.”

వెన్నెల ఆమె వైపు చూసిన చూపుకు ఎవరైనా తల దించుకోవాల్సిందే. సోములమ్మ దించుకుంది.

“దొంగ రికార్డు,” అన్నాడు లక్ష్మీప్రసాద్. “మోసం నీదన్నమాట.”

“పదిహేనేళ్ళ గుంటని. ఎటు సూపిత్తే అటు పరిగెట్టాను.”

“చూపించిందెవరు?” ఆయన రిపోర్టు కాగితం తీశాడు. “పేరు చెప్పు. అది తేలేదాకా ఈ పిల్లకు సీటు లేదు. ఆ మనిషిని మళ్ళీ ఏ గ్రౌండులోనూ అడుగు పెట్టనివ్వను.”

“ఆ దినం మీ జీపు ఘాట్‌లో సెడిపోనాది. పరుగులు మొదలెట్టేసరికి మూడు దాటిపోనాది. పొద్దు పడమటికి తిరిగిపోనాది, కుర్చీ కూడా ఆ సివరకే పోనాది.”

“కథలొద్దు. పేరు.” పెన్ను కాగితానికి ఆనించాడు.

సోములమ్మ ఒకసారి గోడ మీద తన పేరు చూసుకుంది. తర్వాత, తూర్పు చివర ఖాళీగా ఉన్న కుర్చీని చూసింది.

“లక్ష్మీప్రసాద్ అని రాసుకోండి బాబూ.”